వసంతవల్లభుని యాత్రయుఁ గవుల వసంతమును

మహాకావ్యమున ఋతువర్ణన ముండవలెనని దండి మొదలగు లాక్షణికులు విధించిరి. ఆంధ్రప్రబంధకవు లావిధిని శిరసావహించి యష్టాదశవర్ణనములలో వసంతమునకుఁ బెద్దపీట వేసిరి. కావున మన వాఙ్మయమున వసంతవర్ణనములకుఁ గొదవ లేదు. మావిచిగురు, కోయిల, తుమ్మెద, మలయమారుతము, మన్మథుని దండయాత్ర యను నైదింటిని బేర్కొనినచో నందలి పెద్దపాలు చెప్పినట్లే యగును. ఆవర్ణనములు మధురములు గావని యెవ్వరు ననఁజాలరు. కాని యనంతపురసీమ పాఠశాలలో వసుచరిత్రమునందలి వసంతసీసమును వల్లించిన బాలుఁడు వాకిటికి వచ్చి కొండవంకఁ జూచినచో, తాను జదివిన దానిలోఁ దఱచుగా నేదియుఁ గానరాదు. కానవచ్చిన దేదియుఁ దాను జదివి యుండలేదు. వాని దృష్టిలో వసంతములు రెండు: ఒకటి పరీక్షకు, వేఱొకటి కంటికి. ఈరెంటికి నడుమ నీయెడ మెట్లేర్పడినది? అది కవిసమయముయొక్క దోషమా, కవిదోషమా, చదువరుల దోషమా? ఇది పండితులు విచారింపఁదగిన విషయము. ఈవిచారణకు గ్రంథములకంటె ముందొక యాత్ర యాధారముగా నున్నది.

అనంతపురపీఠభూమి వానచాటు సీమ. పడమటి కనుమలు నైరృతిమేఘములను ముందే పిండుకొనును. తూర్పుతీరము దూరమగుటచే నీశాన్యమేఘములు చేరునప్పటికి బలహీనములగును. ఏఁటికి సగటున వచ్చు వాన యించుమించు 550 మిల్లీమీటర్లు. 1876లో మొదలైన ధాతకఱవు పేరు నేఁటికిని జనుల నోట నున్నది. అట్టి సీమలోనిది కదిరి లక్ష్మీనరసింహుని యాలయము. కదిరియు, విజయనగరరాజుల పెనుగొండయు 2022వ సంవత్సరపు వసంతము వఱకు ననంతపురజిల్లాలో నుండి, యాయేఁటి యేప్రిల్‌నెలనుండి శ్రీసత్యసాయిజిల్లాలోఁ జేరినవి. జిల్లా మాఱినను నేల మాఱలేదు గావునఁ బ్రకృతవిచారమునకు బాధ లేదు.

కదిరి బ్రహ్మోత్సవములు ఫాల్గుణమాసమున జరుగును. రథోత్సవమునకుఁ జుట్టుపట్లనుండియే గాక కన్నడసీమనుండియు జనులు వత్తురు. మహమ్మదీయులును స్వామిని సేవించుట యచటి ప్రత్యేకత. భక్తులు రథముపై దవనమును, మిరియములను, పండ్లను జల్లి, క్రిందఁబడినవాని నేఱుకొని ప్రసాదముగాఁ దినినచో రోగములు తొలఁగునని నమ్ముదురు. పూవులకును గుంకుమకును బేరుగన్న యూరది. కదిరిమల్లెలు దూరపు సంతలకుఁ గూడఁ బోవును. ఉత్సవమూర్తులకు వసంతవల్లభులని పేరు. భృగుమహర్షి తపస్సు చేయఁగా నామూర్తులు కోనేటియందు లభించిరనియు, అది వసంతకాలమగుటచే మహర్షి వారి కాపేరు పెట్టెననియు స్థలపురాణము చెప్పును. నరసింహుఁ డుగ్రమూర్తి, అతని యుత్సవరూపమునకు నామము ప్రహ్లాదునివలన గాని, గోళ్లవలన గాని, కొండవలన గాని రాక ఋతువువలన వచ్చుట గమనింపవలసిన విషయము.

ఈనామమునకు విగ్రహవాక్యము రెండు విధములఁ జెప్పవచ్చును. వసంతునకు వల్లభుఁడు అని షష్ఠీతత్పురుషము చేయవచ్చును. వసంతము వల్లభమైనది యెవనికో యతఁడు అని బహువ్రీహియుఁ జేయవచ్చును. జను లనుకొను నర్థము రెండవది; స్వామికి వసంతము ప్రియమని గదా యాత్ర చేయుట. కాని బహువ్రీహిలో విశేషణమునకుఁ బూర్వనిపాతము పాణిని విధించెను (2.2.35), ఆనియమమునకు వార్తికకారుఁడు చూపిన వికల్పము ప్రియశబ్దమునకే గాని వల్లభశబ్దమునకుఁ గాదు. కావున శబ్దశాస్త్రరీత్యాఁ దత్పురుషమే నిలుచును. అప్పు డర్థము తలక్రిందులగును: స్వామి వసంతమును వలచుట గాదు, వసంతమే స్వామిని వలచి వచ్చుచున్నది. కొండమీఁది పూవులను జూచినవారి కీయర్థమే సరియని తోఁచును.

ఊరిపేరు విషయమునను వివాద మున్నది. ‘ఖ’ యనఁగా విష్ణుపాదమనియు, ‘అద్రి’ యనఁగాఁ గొండయనియుఁ జెప్పి, సవర్ణదీర్ఘముచే ‘ఖాద్రి’ యనియు, అదియే ‘కదిరి’ యయ్యెననియు నొక వ్యుత్పత్తి. ఖదిరవృక్షముయొక్క, అనఁగాఁ జండ్రచెట్టుయొక్క మూలమున స్వామి వెలసినందున నాపేరు వచ్చెనని వేఱొక వ్యుత్పత్తి. మొదటిది భక్తికిఁ దగినదే గాని దానినుండి ‘కదిరి’ రావలెనన్న దీర్ఘము హ్రస్వము గావలెను, సంయుక్తాక్షరము విడిపోయి నడుమ నొక యచ్చు రావలెను, మహాప్రాణ మల్పప్రాణము గావలెను. రెండవదానికి మహాప్రాణమును, తుదియచ్చును మాఱిన నంతటితోఁ జాలును. లాఘవము రెండవ పక్షమునదే. చండ్ర యూపమునకు విహితమైన వృక్షము, బెట్టనేలలందుఁ బెరుగునది. ఇట్లు ఊరిపేరు చెట్టునుండియు, స్వామిపేరు ఋతువునుండియు వచ్చినవి. కావ్యములు మఱచినదానిని నామములు దాఁచియుంచినవి.

ఇచట నొక శంక పొడమును. చైత్రవైశాఖములు గదా వసంతము, మాఘఫాల్గుణములు శిశిరము. ఫాల్గుణోత్సవమునకు వసంతయాత్ర యను పేరెట్లు చెల్లును? దీనికి సమాధానము కావ్యశాస్త్రమున గాక వైద్యశాస్త్రమున దొరకుచున్నది. సుశ్రుతుఁడు సూత్రస్థానము 6వ యధ్యాయమున ఋతువులను రెండు విధముల విభజించెను. మొదటిది లోకప్రసిద్ధమైన విభాగము. రెండవది దోషముల సంచయప్రకోపములను బట్టి చేసినది. దాని ప్రకారము ఫాల్గుణచైత్రములు వసంతము, వైశాఖజ్యేష్ఠములు గ్రీష్మము, ఆషాఢశ్రావణములు ప్రావృట్టు. పీఠభూమియం దీరెండవ విభాగమే యనుభవముతో సరిపోవును. వైశాఖమునఁ గదిరిలో వసంతమని చెప్పినచో నాయూరివారు నవ్వుదురు. అప్పటికే వడగాలి వీచుచుండును. శరీరమును జూచి పలికిన వైద్యుని మాట, పుస్తకమును జూచి పలికిన కవి మాటకంటె నీనేలకు దగ్గఱగా నుండుట యాశ్చర్యము గాదు.

ఆఫాల్గుణచైత్రములందుఁ గొండ లెట్లుండును? పచ్చగా నుండవు. బెట్టసీమ చెట్లు నీటిని గాపాడుకొనుటకై యాకు రాల్చును. పెక్కుచెట్లు క్రొత్తయాకు రాకముందే మోడుకొమ్మలమీఁదఁ బూచును. ఆకు మఱుఁగు లేమిచే నాపూవులు పక్షులకును దుమ్మెదలకును దవ్వునుండి కానవచ్చును. మోదుగ యెఱ్ఱగాఁ బూయును. గోరువంకలు, తేనెపిట్టలు దానిపై వ్రాలును. బూరుగు పెద్దపెద్ద యెఱ్ఱని పూవులను నేలరాల్చును. ఱాతిగుట్టలపై నిలువనీడ లేనిచోఁ గొండగోగు పసుపుపచ్చని పూవులను బట్టుకొని నిలుచును. వృక్షశాస్త్రజ్ఞులు దాని లాటిన్‌నామమునఁ జేర్చిన విశేషణమునకు ‘దేవపూజాసంబంధి’ యని యర్థము, గుళ్లయం దాపూవులు వాడుకలో నుండుటచే వచ్చిన పేరది. చెలకగట్లమీఁదఁ గానుగ ముత్యములవంటి పూవులను రాల్చును. వేపపూఁత యుగాదిపచ్చడిలోనికి వచ్చుటచే నొక్కదానికి మాత్రము శాస్త్రగౌరవము దక్కినది. తంగేడు గట్టుగట్టున నుండును. దానిని బ్రబంధములలో వెదకుట వృథాశ్రమ.

మోదుగ సంగతి కొంత విస్తరించి చెప్పవలెను. సంస్కృతమున దానికిఁ గింశుకమని పేరు. ‘ఇది చిలుకయా యేమి?’ యను ప్రశ్నయే నామమైనది. పూవు చిలుకముక్కువలె వంకరగా నెఱ్ఱగా నుండుటచే వచ్చినది. ఇంతకంటె ప్రత్యక్షదర్శనమునఁ బుట్టిన పేరు నిఘంటువునం దరుదు. కాళిదాసుఁడు కుమారసంభవము తృతీయసర్గమున వసంతావతారమును వర్ణించుచు, విచ్చని పలాశముకుళముల వంకను, ఎఱుపును గనిపెట్టి వనభూములతో వసంతుని సమాగమమునకు గుఱుతులుగాఁ జేసెను. దానికి ముందే కర్ణికారమునకు రంగు గలిగియుఁ దావి లేకపోవుటకు విధాతను నిందించెను. ఋతుసంహారమందును బలాశవన మున్నది. అనఁగా మోదుగ కవిలోకబహిష్కృతము గాదు. కాని తరువాతి నీతికారులు దాని నిర్గంధత్వమును బట్టి విద్యాహీనునకు దృష్టాంతము చేసిరి. పాఠశాలలలో నీనీతిశ్లోకము చదువనివాఁడు లేఁడు. కుమారసంభవశ్లోకము చదివినవారు కొలఁదిమంది. మోదుగను జూచినప్పుడు బాలునకు మూర్ఖుఁడు జ్ఞప్తికి వచ్చుట యీకారణముననే.

ఇఁక వసుచరిత్రము. భట్టుమూర్తి దీనిని దిరుమలదేవరాయల కంకితము చేసెను. 1565 నాఁటి యుద్ధానంతరము విజయనగరము పాడుపడఁగాఁ దిరుమలరాయఁడు పెనుగొండను రాజధానిగాఁ జేసికొనెను. కావున నాంధ్రవాఙ్మయమున మిక్కిలి ప్రసిద్ధమైన వసంతవర్ణనము, మోదుగపూచు కొండలనడుమ నున్న ప్రభువునకుఁ జేరిన కావ్యములోనిది. ప్రథమాశ్వాసమునందలి యాసీసమును బండితులెల్ల రెఱుఁగుదురు. అందున్నవి: మెల్లనిగాలి, రసాలఫలములు, వానిపై నాదరముగల చిలుకలు, తుమ్మెదలు, ఏటి తామరలు, చక్రవాకవధువులు, పూఁదీఁగెల నడుమఁ గాంతలు, కురవకము, వకుళము, కోకిలల కాకలి. అం దున్న రెండు చెట్లు, కురవకమును వకుళమును, కవులు దోహదము చెప్పిన చెట్లు: ఒకటి యువతి కౌఁగిలిచే, మఱొకటి యువతి పుక్కిలించిన మద్యముచేఁ బూచుననుట. అట్టి యుపచారములు లేకయే పూచు మోదుగకు నాసీసమునఁ జోటు లేదు.

మోదుగ లేదని దోషమెంచుట విమర్శము గాదు. ఏల లేదో కనుఁగొనుట విమర్శము. ఆసీసపాదములను బరిశీలించిన యెడల నొక్కొక పాదమునకు నొక్కొక వర్ణసముదాయము ప్రాణమై యున్నట్లు కానవచ్చును: మొదటిదాన ‘లనా’, రెండవదాన ‘లసా’, మూఁడవదాన ‘లినీ’, నాల్గవదాన ‘తాంత’. ఎత్తుగీతియందుఁ గకారవకారలకారములు పెనవేసికొన్నవి. అనఁగాఁ బదములు వచ్చినది కంటి పిలుపున గాదు, చెవి పిలుపున. కురవకవకుళములు వచ్చుటకు హేతువు తోఁటలోఁ బూచుట గాదు, ఆయక్షరములు కోకిలకంఠమున కనుకూలించుట. ఆపద్యము వసంతచిత్రము గాదు, వసంతగానము. పాడుకొనుటకుఁ దగినదని దానికిఁ గల ప్రసిద్ధి సార్థకమే. ఆప్రయోజనమున భట్టుమూర్తి నిరుపమానుఁడు. గానమునుండి వస్తువులపట్టికను దీసి, వసంతమున నుండు వస్తువు లివియే యని భ్రమించుట యనుకర్తలు చేసిన పని. రాగాలాపమును విని దేశపటము గీయఁబూనినట్టి దది. దోషము భట్టుమూర్తిమీఁద మోపుట న్యాయము గాదు.

భట్టుమూర్తి పక్షమున వేఱొక సమాధానమును జెప్పవచ్చును. కథ జరిగినది చేదిదేశమున. శుక్తిమతీనది, కోలాహలపర్వతము కథాంగములు. పెనుగొండ వసంతమును దెచ్చి చేదిదేశమునఁ బెట్టుట దేశౌచిత్యభంగమగును. మాట సరియే, కాని చేదిసీమ కొండలలోను మోదుగ లేకపోలేదు.

బలవత్తరమైన యాక్షేపము రాజశేఖరునిది. కావ్యమీమాంస 14వ యధ్యాయము మొదలు కవిసమయమును నిరూపించుచు నతఁడు దానిని మూఁడు విధములుగా విడఁదీసెను: లేనిదానిఁ జెప్పుట, ఉన్నదానిఁ జెప్పకుండుట, ఎల్లెడల నున్నదాని నొక్కచోట నియమించుట. రెండవదాని కుదాహరణము వసంతమున మాలతి: ఉన్నను జెప్పరాదు. మూఁడవదానికిఁ గోకిలకూఁత: గ్రీష్మాదులందు వినవచ్చినను వసంతముననే చెప్పవలెను. మఱియుఁ గాలవిభాగాధ్యాయమున, పదార్థముల స్వరూపము దేశదేశమున మాఱుట కానవచ్చుచున్నను నట్లు కట్టరాదనియు, పూర్వకవులు కట్టినదే ప్రమాణమనియు నిష్కర్షగాఁ బలికెను. కావునఁ గదిరిలో మోదుగ పూచిననేమి, పూయకున్న నేమి, కవికి దానితోఁ బనిలేదని పూర్వపక్షి వాదించును.

ఈవాదమునుగూర్చి రెండు మాటలు. ఒకటి: రాజశేఖరుఁ డీమాట పలికినది దేశవిభాగమునకును గాలవిభాగమునకును వేఱువేఱుగ నధ్యాయములు వ్రాసినతరువాత. ఏదేశమున నేకొండలు, ఏనదులు, ఏవస్తువులు, ఏకాలమున నేగాలి యని యతఁ డెంతయో శ్రమపడి పోగుచేసెను. చూడనక్కఱలేదని చెప్పువాఁ డంత చూచునా? కనులారఁ జూచినవానికే సమయమును బాటించు నధికారమున్నదని దాని తాత్పర్యముగాఁ దీయుట యుక్తము. రెండవది: క్షేమేంద్రుఁ డౌచిత్యస్థానములలో దేశమును గాలమును బేర్కొనెను. సమయము సామాన్యవిధి, ఔచిత్యము విశేషవిధి. సామాన్యమును విశేషము బాధించుట సర్వశాస్త్రసమ్మతము. ఇంతకును, సమయ మెంత కఠినముగా నున్నను దర్శనమునకు భంగము కలుగనవసరము లేదని చూపుటకు వేఱొక దేశపు సాక్ష్య మున్నది.

జపానుదేశీయుల వసంతము సకురపుష్పము, అనఁగాఁ జెర్రిపూవు. వారి కవిసమయము మనదానికంటె సడలినదని తలఁచుట పొరపాటు. వారి పద్యము 31 మాత్రల యిఱుకుగది. ‘పూవు’ అన్న మాత్రమున సకురయే యని రూఢి, మనకు ‘పంకజ’ మన్నట్లు. 905లో రాజాజ్ఞచే సంకలనమునకుఁ బూనుకొన్న కొకిన్‌వకషూ యను గ్రంథమున 20 సంపుటములుండఁగా మొదటి రెండును వసంతమునవి. పద్యముల వరుసయే పూవునకై యెదురుచూచుట, మొగ్గ, విరియుట, రాలుట యను క్రమమున నమర్పఁబడినది. అంతకుఁ బూర్వపు మన్యోషూలో సకురకంటె ఉమె యను పూవుపై పద్యము లెక్కువ. తరువాత సమయము మాఱి సకుర పట్టాభిషిక్త మయ్యెను. కావున సమయము పెట్టుటలోను, మార్చుటలోను వారు మనకంటె వెనుకఁబడినవారు గారు.

ఐనను భేద మొకటి యున్నది. వారి పూవునకు నెలవున్నది. క్యోటోనగరమున హిరానో దేవస్థానమునఁ గజాన్ చక్రవర్తి 985లో సకురచెట్లను నాటించెనని ప్రసిద్ధి. ఏఁటేఁట ఏప్రిల్ 10వ తేదీ నచటఁ బుష్పోత్సవము జరుగును. యోషినోకొండమీఁద జావో గొంగెన్ అను దేవతకు సకుర పవిత్రవృక్షము. యాత్రికులు మొక్కుబడిగా మొక్కలను సమర్పింపఁగాఁ గొండ యంతయుఁ బూఁదోఁట యయ్యెను. పూవు చూచుట యచట యాత్రాంగము. పూవులు రాలునప్పుడు వ్యాధులును వ్యాపించునని తలఁచి యాపూవులను శాంతింపఁజేయు క్రతువును గూడ వారు చేయుదురు. కదిరిరథము క్రిందఁ బడిన దవనమును మిరియమును మందుగా నేఱుకొను జనులకు దీనిని బోధించుటకు వ్యాఖ్యానమక్కఱలేదు.

ఆయాత్రకుఁ గవులు వెళ్లిరి. సైగ్యో (1118–1190) యను సన్న్యాసికవి యోషినోపూవులకై పరితపించినవాఁడు. పూవుల క్రిందఁ గిసరగిమాసపు పున్నమినాఁడు తనకు మరణము కావలెనని పద్యమునఁ గోరుకొని, 1190లో నాద్వితీయమాసమున 16వ దినముననే కాలధర్మము నొందెను. ఆపున్నమి తఱచుగా మన ఫాల్గుణపూర్ణిమతో నేకీభవించును. ఆదినములలోనే కదిరిలో రథమునకు మోకులు కట్టుదురు.

సైగ్యోకంటె నీవిచారమున కెక్కువ పనికివచ్చువాఁడు నోయిన్ అను పదునొకండవ శతాబ్దపు కవి. వసంతమున రాజధానిని విడిచి శరత్తున నుత్తరపుసీమనున్న షిరకవ సరిహద్దుఁ జేరినట్లుగా నతఁ డొక పద్యము చెప్పెను. పద్యము బాగుగానే వచ్చెను. కాని యతఁ డిల్లు గదలలేదు. ఊరకయే ప్రకటించినచో నెవరును మెచ్చరని భయపడి, కొన్ని నెలలు తలుపులు మూసికొని యింటనే దాఁగి, ముఖమును నెండకుఁ గందఁజేసికొని, తరువాత బయటికి వచ్చి ‘యాత్రనుండి వచ్చితిని, అచటఁ జెప్పిన పద్యమిది’ యని ప్రచురించెనని కథ. కథ నిజమో కాదో యటుండనిండు. అట్టి కథ పుట్టవలెనన్న నొక పాఠకలోక ముండవలెను; ‘నీ వచటికి వెళ్లితివా?’ యని కవిని నిలదీయు లోకము. నోయిన్ అబద్ధమాడెను గాని యాప్రశ్నకు వెఱచి యాడెను. ఆంధ్రకవి యబద్ధ మాడవలసిన యవసరమే కలుగలేదు. మలయమారుత మే దిక్కునుండి వీచెనని గాని, ఆమావి యేయూరిదని గాని భట్టుమూర్తి ననుకరించినవారిని బ్రశ్నించిన పాఠకుఁడు లేఁడు. కావున మొదట వేసిన ప్రశ్నకు సమాధానమిది: దోషము సమయమునందు లేదు, కవియందుఁ గొంచెమే యున్నది, చదువరులయం దెక్కువగా నున్నది.

ఇట్టి యాత్రాసక్తికి ఫల మెట్టిదో నేఁటి కాలమునఁ దెలియవచ్చినది. ఒసాకాలో నాచార్యుఁడైన యసుయుకి ఆవోనో, క్యోటో రాజుల, కులీనుల, సన్న్యాసుల దినచర్యలలోను, పద్యములలోను సకురపూవులను జూచిన దినములను నేఱి, తొమ్మిదవ శతాబ్దినుండి పూవు లేయేఁట నెప్పుడు నిండుగా విరిసెనో వరుస కట్టెను. 2021లో మార్చి 26వ తేదీనాఁడు పూవులు నిండుగా విరియఁగా, పండ్రెండువందల యేండ్ల లెక్కలో నంత త్వరగా విరిసిన యేఁడు లేదని లోకము చెప్పఁగల్గెను. భూమి వేఁడెక్కుచున్నదనుటకు దానినొక సాక్ష్యముగాఁ గొనిరి. టోక్యోలో వాతావరణశాఖవారు నేఁటికిని యసుకుని దేవాలయప్రాంగణమునందలి యొక చెట్టును జూచి, ఐదాఱు పూవులు విరిసిన పిమ్మటనే వసంతము వచ్చెనని ప్రకటింతురు. విరహిణులను వేఁచుటకే పుట్టినదని మన మనుకొను వర్ణనము వారికి శాస్త్రప్రమాణ మైనది. తిరుమలరాయల నాఁటి పెనుగొండలో మోదుగ యెప్పుడు పూచెనో వసుచరిత్రము చెప్పదు. అది చెప్పుటకుఁ బూనుకొన్న గ్రంథమును గాదు.

ఆంధ్రకవికిఁ గన్నులు లేవని దీనివలన ననుకొనరాదు. ఆముక్తమాల్యదలో వర్షర్తువర్ణనము చదివినవారు కృష్ణరాయఁడు తడిసిన పొయ్యిని, కాఁపుటిండ్లను, పొలముగట్లను జూచి వ్రాసెనని యెఱుఁగుదురు. అందలి గ్రీష్మమును నట్టిదే. అదే గ్రంథమున వసంతము వచ్చునప్పటికి గోదాదేవి విరహము ముందునకు వచ్చి, రాజుకన్నులు మూఁతపడి శాస్త్రము కన్నులు తెఱచుకొన్నవి. వానకాలమును జూచిన కవి వసంతమును జూడకపోవుట విచిత్రము. దీనికిఁ గారణము వర్షర్తువునకు లక్షణకర్తలు పెట్టిన కట్టుబాట్లు తక్కువగుట గాదు; రాయలసీమవానికి వాన ప్రాణావసరము, వసంత మలంకారము. అవసరమైనదానిని జనులు చూతురు.

కదిరిచేరువనున్న కటారుపల్లెలో సమాధి గలదని ప్రసిద్ధి గన్న వేమన వసంతమును వర్ణింపలేదు. కాని వేపయు, మేడిపండును నతని పద్యములలోనికి వచ్చినవి, చెట్టునుండి తిన్నగా వచ్చినవి. విద్వాన్ విశ్వము పెన్నేటిపాటలో నీబెట్టసీమయే కావ్యవస్తువైనది. పుట్టపర్తి నారాయణాచార్యులవారు బాల్యముననే పెనుగొండలక్ష్మిని రచించి యాకోటకుఁ గావ్యత్వము కలిగించిరి. శిలలకును గఱవునకును గవులు దొరకిరి. మోదుగకును గొండగోగునకును నట్టి పట్టాభిషేక మింకను జరుగలేదు. బెట్టసీమ కవిత్వమన్న దుఃఖకవిత్వమే యను నొక క్రొత్త సమయము మెల్లగా నేర్పడుచున్నట్లున్నది. అదియుఁ బ్రాఁతదానివంటిదే, చెప్పఁదగినదానిని జెప్పకుండుటకు నియమము. ఆకులేని కొమ్మమీఁదఁ బూచు పూవు కఱవుసీమకు వెలియైనది గాదు, కఱవువలననే యట్లు పూచుచున్నది.

పాఠశాలపండితులు చేయఁదగిన పని యొకటి గలదు. వసుచరిత్రసీసమును మానిపింప నక్కఱలేదు. దానిని గానముగాఁ బఠింపించి, యక్షరమైత్రిని బోధింపవలెను. ‘వసంతమును వర్ణింపుము’ అను ప్రశ్నకు మాత్రము దానిలోని పట్టిక నుత్తరముగా నంగీకరింపరాదు. బ్రహ్మోత్సవములు తిథినిబట్టి జరుగును గావున నేఁటేఁట ఫాల్గుణపూర్ణిమ కదిరికిఁ దప్పదు. ఆదినమున విద్యార్థులచేఁ గొండత్రోవ చెట్లను జూపించి, మోదుగ మొగ్గయో విరిసినదో రాలినదో, కొండగోగు ఆకు తొడిగినదో లేదో, కానుగ పూఁత పట్టినదో లేదో, మల్లె సంతకు వచ్చినదో లేదో పంచాంగపు పుటపై నాయేఁటి పేరుతో వ్రాయించి యుంచినచోఁ జాలును. తిథి యొక్కటియే యైనను సౌరదినము మాఱుచుండును గావున నింగ్లీషుతేదీని గూడఁ జేర్పవలెను.